బాదం చెట్టు చూస్తూ మాటలు నేర్చిన పాప

మా పాపకు మూడేళ్లు నిండినా మాటలు రాలేదు. చెబితే వినేది, నవ్వేది, ఏదైనా కావాలంటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేది. నోరు మాత్రం విప్పేది కాదు. పరీక్షలు చేసి చెవులు బాగానే ఉన్నాయని తేల్చిన డాక్టరమ్మ, "రోజూ ఒకే చోట కూర్చోబెట్టి, కనిపించినదాని గురించి మాట్లాడండి. జవాబు చెప్పమని మాత్రం అడగకండి" అంది.

లాడ్ బజార్‌లో మా గాజుల దుకాణం పొద్దెక్కితే గాని తెరవం. అందుకని ఆ పని నా మీద పడింది. ఫలక్‌నుమాలో మా డాబా ఎక్కితే కనిపించేది పక్కింటి బాదం చెట్టు. ఒక కొమ్మ మా పిట్టగోడ మీదికే వాలి ఉండేది. పొద్దున్నే నేను చాయ్‌తో, పాప పాల గ్లాసుతో అక్కడ కూర్చునేవాళ్లం.

అప్పుడు చలికాలం. "సూడు బిడ్డా, ఈ ఆకు ఎర్రగైంది. నిన్న పచ్చగుండె" అనేవాణ్ణి. పాప ఆ ఆకును ముక్కుకు ఆనించుకుని పక్కన పెట్టేది. అంతే. కొన్నాళ్లకు నా గొంతు నాకే విసుగనిపించింది. మానేద్దామని కూడా అనుకున్నాను.

ఆ పక్కింట్లో ఒక ముసలావిడ ఉండేది. గల్లీలో అందరం ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లం. ఆమె వాకిలి ఊడ్చి నడుం ఎత్తేలోపు మళ్లీ ఆకు పడేది. "గిర్‌గయా! ఫిర్ గిర్‌గయా!" అని, పడింది, మళ్లీ పడింది అంటూ ఉర్దూలో చెట్టును తిట్టేది. ఒక పొద్దున ఎర్రటి ఆకు ఒకటి పిట్టగోడకు తగిలి కిందికి జారింది. నా పక్కనుంచి "గిగ్గయా" అని వినిపించింది.

నేను కదల్లేదు. ఇంకో ఆకు పడేదాకా అలాగే కూర్చున్నాను. పడింది. పాప వేలు చూపించి మళ్లీ అంది, "గిగ్గయా."

ఎత్తుకుని మెట్లు దిగాను. నా భార్య పిండి చేతులతోనే పాపను పొదువుకుని ఏడ్చేసింది. మా అమ్మ మాత్రం, "గిదేంది, మనింటి పిల్ల ఉర్దూల మొదలువెట్టింది?" అంటూనే దేవుడి దగ్గర దీపం పెట్టడానికి లేచింది. గోడ మీదుగా ఖాలాకు చెబితే చీపురు వదిలేసి, "హాయ్ అల్లా, నా తిట్లు నేర్చిందా బిడ్డ!" అని నవ్వింది. మధ్యాహ్నం గిన్నెడు సేమ్యా పంపింది.

శివరాత్రి నాటికి చెట్టు మోడైంది. పాప కొమ్మల్ని చూసి "లేదు" అంది. చిగుళ్లు కనబడ్డాక "ఉంది" అంది. ఎండాకాలంలో గబ్బిలాలు కొరికి పడేసిన కాయలు పొద్దుటికి డాబా నిండా ఉండేవి. కొరకని కాయలు ఏరి, రాయితో పగలగొట్టి, లోపలి పప్పు ఇద్దరం తినేవాళ్లం. "కొట్టు బాపు. ఇంకోటి కొట్టు" అని నన్ను తొందరపెట్టేది.

వానలు మొదలవగానే కరెంటు తీగలకు తగులుతున్న కొమ్మల్ని కొట్టడానికి మనుషులు వచ్చారు. మా వైపు వాలిన కొమ్మ కూడా వాటిలో ఉంది. పాప పిట్టగోడ పట్టుకుని అరిచింది.

"భాయ్, కొట్టకు! గా కొమ్మ మాది!"

నిచ్చెన మీది మనిషి ఆగాడు. "వైర్లకు తాకుతుంది తల్లీ. గాలొస్తే కరెంట్ పోతది, మల్ల మస్తు లొల్లి."

"పోనీ! మాకు కరెంట్ వద్దు!"

అతను నవ్వి, తన పని తాను చేశాడు. పాప ఆ పూట పాలు ముట్టలేదు. కొమ్మ పోయినందుకు నాకూ బాధగానే ఉంది. కానీ ముక్కూ మొహం తెలియని మనిషితో నా కూతురు అంత గట్టిగా తగువు పెట్టుకుందన్న సంతోషమే ఎక్కువైంది. ఆ సంగతి పాపతో అనలేదు.

ఆ ఏడే బడిలో వేశాం. మళ్లీ చలికాలం వచ్చి ఆకులు ఎర్రబడుతున్నాయని, ఒక ఆదివారం డాబా మీదికి పిలిచాను.

"నువ్వు పో బాపు, నాకు పనుంది" అంటూ గల్లీలో పిల్లల దగ్గరికి పరిగెత్తింది.