పొట్టి ఈల, పొడుగు ఈల

నేను పిల్లల్ని కొట్టేవాణ్ణి. ఈ మాట ముందు చెప్పకపోతే తర్వాత చెప్పేదానికి విలువ ఉండదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. జనగామలో ఒక జిరాక్సు షాపులో పని. ఇంటర్ రెండోసారి కూడా తప్పాక కాలేజీ మానేశాను గాని చదవడం మానలేదు. షాపు మూయగానే శాఖా గ్రంథాలయానికి వెళ్ళి, అటెండరు వచ్చి నా నెత్తి మీది లైటు ఆర్పేదాకా కూర్చునేవాణ్ణి. నవలలు అయిపోయాక బావుల తవ్వకం, తేనెటీగల పెంపకం, పాముకాటు వైద్యం, నక్షత్రాలు, ఏ బీరువాలో ఏది ఉంటే అది చదివాను. అడుగు అరలో చెదలు అంచులు తినేసిన స్కౌటు మాన్యువల్ ఒకటి ఉండేది. నాకంటే ముందు దాన్ని ఒకే ఒక్కరు ఇంటికి తీసుకుపోయినట్టు వెనక అట్ట లోపల ఒకే ముద్ర ఉంది. నేను మూడుసార్లు చదివాను. ముడులు, జెండా సంజ్ఞలు, గాయాలకు కట్లు, ఎండను బట్టి దిక్కులు, అన్నీ నోటికి వచ్చాయి.

సర్కారు హైస్కూలు పెద్దసారు పేపర్ల కోసం అక్కడికే వచ్చేవారు. ఒక సాయంత్రం నా చేతిలో పుస్తకం చూసి ఆగారు.

"ఏందిరా, గిది చదివి ఏం జేస్తవ్?"

"ముడులు నేర్చుకుంటున్న సార్."

"ఎన్నొస్తయ్?"

"ఇరవై రెండు."

"మా పంతుళ్ళకు బూటు లేసు ముడి తప్ప ఇంకోటి రాదు. రేపటి సంది సాయంత్రం బడికి రా."

వాళ్ళ బడిలో డ్రిల్లు మాస్టారు రిటైరయ్యాక స్కౌటు దళం మూలపడింది. దళాన్ని క్యాంపుకు పంపకపోతే గుర్తింపు తీసేస్తామని జిల్లా స్కౌటు సంఘం ఉత్తరాలు రాస్తోంది. అలా, జీతం లేకుండా, ఒక్కరోజు శిక్షణ లేకుండా, పదహారు మంది పిల్లలకు మాస్టర్నయ్యాను. వాళ్ళు నన్ను సార్ అన్నారు. అప్పటిదాకా నన్ను ఆ మాటతో పిలిచినవాళ్ళు లేరు.

పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఈలల అధ్యాయం. పొడుగు ఈల ఒక్కటి ఊదితే ఆగి వినాలి. పొడుగు ఈలలు నిదానంగా వరుసగా ఊదితే చెదిరిపోవాలి, దూరంగా పోవాలి. పొట్టి ఈలలు గబగబా ఊదితే, ఎక్కడున్నా సరే పరుగెత్తుకొచ్చి ఊదినవాడి ముందు గుర్రపు నాడా ఆకారంలో నిలబడాలి, చేతిలో కర్రతో. స్కౌటుకు తన ఎత్తు వెదురు కర్ర ఒకటి ఉంటుంది. దానితో గుడారం నిలబెట్టవచ్చు, వాగు లోతు చూడవచ్చు, రెండు కర్రలకు రెండు అంగీలు తొడిగి దెబ్బ తగిలినవాణ్ణి మోయవచ్చు.

ఈల ఊది పది లెక్కపెట్టేవాణ్ణి. పది దాటాక వచ్చినవాడికి పిక్కల మీద ఒక దెబ్బ. కర్ర మరిచిపోయి వచ్చినవాడికి రెండు. కొట్టమని పుస్తకంలో ఎక్కడా లేదు. అది నేను కలిపాను.

ఎక్కువ దెబ్బలు తిన్నది దర్జీ కొడుకు. ఎనిమిదో తరగతి, కొంచెం బొద్దుగా ఉండేవాడు. తండ్రి బస్టాండు వెనక కుట్టుమిషను పెట్టుకున్నాడు. మా పదహారు మంది బూడిదరంగు అంగీలు, నీలం లాగులు కుట్టింది ఆయనే. పిల్లవాడు నవ్వుతూ పరుగెత్తేవాడు, సగం దూరం వచ్చాక కర్ర గుర్తొచ్చి వెనక్కి పోయేవాడు.

"సార్, వీని కర్రకు కాళ్ళుంటే వీని కన్న ముందొచ్చి నిలవడ్తది" అనేవాళ్ళు మిగతా పిల్లలు. అందరూ నవ్వేవాళ్ళు, వాడితో సహా. ఆ నవ్వు ఆగకముందే నేను కొట్టేవాణ్ణి.

ఒకరోజు దర్జీ నన్ను షాపులోకి పిలిచాడు. మిషను ఆపి, నా మొహం చూడకుండా, చేతిలో గుడ్డను చూస్తూ అన్నాడు.

"సార్, జర చేయి హల్కా పెట్టుండ్రి. పోరడు బోర్లా పండుకుంటుండు."

"వాని మంచికే చాచా. నేర్చుకున్నది ఎప్పుడో ఒకనాడు పానం కాపాడ్తది. పుస్తకాలల్ల ఉంది."

"మీరు చదువుకున్నోళ్ళు సార్" అని మళ్ళీ మిషను తొక్కాడు. ఆ మాట నాకు ఎంత బాగుందంటే, ఆ సాయంత్రం వాణ్ణి ఇంకో దెబ్బ ఎక్కువే కొట్టాను.

తెలంగాణ ఉద్యమం ఊళ్ళను ఊపేస్తున్న రోజులవి. ఒకనాడు బస్సులు నడిస్తే రెండురోజులు నడిచేవి కావు. సంఘం రెండుసార్లు వాయిదా వేసి, చివరికి భూపాలపల్లి దాటాక కాటారం పోయే దారిలో, అడవి అంచున మూడురోజుల క్యాంపు పెట్టింది. అప్పటికి ఈ ప్రాంతం ఇన్ని జిల్లాలు కాలేదు. మానుకోట నుంచి పెద్ద దళం వచ్చింది, పెద్దవంగర నుంచి చిన్నది. మొదటి సాయంత్రమే కట్టెల కోసం మానుకోట పిల్లలకు, పెద్దవంగర పిల్లలకు కొట్లాటయి ఒకడి పెదవి చీలింది. జెండా వందనం అయ్యాక పిల్లలు జై తెలంగాణ అని అరిస్తే సంఘం కార్యదర్శి, ఇస్త్రీ మడత నలగని పెద్దమనిషి, ఒకణ్ణి మెడపట్టి వరుసలోంచి లాగి అవతల పడేశాడు.

"ఇది స్కౌటు క్యాంపు. లొల్లి జేసేటోళ్ళు రోడ్డు మీదికి పోండ్రి."

రెండోరోజు ఈలల పోటీలో మా దళం మొదటి స్థానం గెలిచింది. ఎనిమిది లెక్కపెట్టేసరికి పదహారు మంది నిలబడ్డారు, పదహారు కర్రలతో. దర్జీ కొడుకు ఏడుకే వచ్చాడు. క్యాంపులో వాడు కర్రను పక్కలో పెట్టుకుని, స్కార్ఫుతో మణికట్టుకు కట్టుకుని పడుకున్నాడట. కార్యదర్శి నా భుజం తట్టి, "ఏం తయారుచేసినవయ్యా, చెప్పిన మాట దాటరు" అన్నాడు.

మూడోరోజు బంద్. కార్యదర్శి జీపులో ముందే వెళ్ళిపోయాడు. మేము ఒక లారీ పట్టుకుని కొంతదూరం వచ్చాం. టేకుమట్లకు దారి చీలే చోట రోడ్డుకు అడ్డంగా బండరాళ్ళు, కాలుతున్న టైర్లు. లారీ ఆగిపోయింది. రోడ్డు మీదే రాళ్ళ పొయ్యిలు పెట్టి జనం వంట చేస్తున్నారు. ఆ రోజుల్లో అదీ ఒక నిరసన, రోడ్డు మీదే వండడం, రోడ్డు మీదే తినడం. పప్పు ఉడుకుతున్న పెద్ద గిన్నె, గంజు, దగ్గర కూర్చున్న ఒక పెద్దామె మా పిల్లల్ని చూసి తెడ్డు ఊపింది.

"ఏ ఊరోళ్ళు బిడ్డా? కర్రలు వట్టుకొని యుద్ధానికి పోతుండ్రా?"

"క్యాంపుకు పోయి వస్తున్నం అవ్వా. జనగామ."

"జనగామ దాక ఆకలితోని పోతరా? కూసోండ్రి. గీయాల రోడ్డు మనదే."

పిల్లలు కర్రలు పక్కన పెట్టి తారు మీద వరుసగా కూర్చున్నారు. విస్తళ్ళలో అన్నం పడింది. రెండు ముద్దలు తిన్నారో లేదో, పోలీసు వ్యాన్లు రెండు వచ్చి ఆగాయి. ఇన్‌స్పెక్టరు దిగి రోడ్డు ఖాళీ చేయమన్నాడు. తిన్నాక చేస్తామన్నారు. ఎవరో నవ్వారు. ఎక్కడి నుంచో రాయి లేచి వ్యాను అద్దం మీద పడింది. అంతే, లాఠీలు దిగాయి.

లాఠీ ఎముక మీద పడితే వచ్చే చప్పుడు, కండ మీద పడితే వచ్చే చప్పుడు వేరని అక్కడే తెలిసింది. నా ముందే ఒకాయనను కింద పడేసి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుంటే వెన్ను మీద కొట్టారు, వెన్ను దాచుకుంటే మోకాళ్ళ మీద కొట్టారు. బూటు తగిలి పప్పు గంజు దొర్లింది. మరిగే పప్పు పెద్దామె పాదాల మీద పడి ఆమె పెట్టిన కేక ఇంకా నా చెవిలో ఉంది. నేను ఈల తీసి పొడుగ్గా, నిదానంగా ఊదాను. చెదిరిపోండి. చెదిరిపోండి.

పదహారు మంది విస్తళ్ళు వదిలేసి పత్తిచేనులోకి దూకారు. నడుమెత్తు పత్తిలో కనిపించకుండా పోయారు. సిగ్గు విడిచి చెప్తున్నాను, జనం నెత్తురు కారుతూ పరుగెడుతుంటే నేను అక్కడ నిలబడి మనసులో లెక్కపెట్టాను. ఆరుకే మాయమయ్యారు. మంచి దళం.

అప్పుడు ఇన్‌స్పెక్టరు, చెదిరిన తన మనుషుల్ని దగ్గరికి చేర్చుకోవడానికి, ఈల ఊదాడు. పొట్టిగా, గబగబా.

పత్తి కదిలింది.

వద్దని అరిచాను. ఆ కేకల్లో నా కేక ఎవరికి వినబడుతుంది? అందరికంటే ముందు దర్జీ కొడుకు బయటికి వచ్చాడు. కర్ర విస్తరి దగ్గరే ఉంది. వాడు ఆ విస్తళ్ళ వరుస దాకా పరుగెత్తి, వంగి కర్ర తీసుకుని, ఈల వినబడ్డ వైపు తిరిగి, నేరుగా పోలీసుల ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. మడమలు కలిపి, కర్ర నిటారుగా పట్టి, మిగతావాళ్ళకు జాగా వదిలి. వాడి వెనక చేనులోంచి పదిహేను మంది పరుగున వస్తున్నారు. కొందరి చేతుల్లో కర్రలున్నాయి, లేనివాళ్ళు కర్రల కోసం విస్తళ్ళ మీదికి దూకుతున్నారు.

"సార్, కర్రలతోని మీదికొస్తుండ్రు!" అని ఒక కానిస్టేబులు అరిచాడు.

ఈల నోట్లో పెట్టుకున్నాను. ఊదేలోపే ఎవరిదో లాఠీ నా మూతి మీద పడింది. రెండు పళ్ళు, ఈల, నెత్తురు కలిసి నోట్లో నిండాయి. కింద పడి చూశాను. మొదటి దెబ్బ దర్జీ కొడుకు కర్ర పట్టుకున్న చేతి మీద పడింది. కర్ర వదల్లేదు. రెండోది చెవి వెనక. అప్పుడు పడిపోయాడు. పడ్డాక కూడా ఒకటి కొట్టారు. మిగతా పిల్లలకు భుజాల మీద, వేళ్ళ మీద దెబ్బలు పడుతున్నాయి. వాళ్ళు పారిపోవడం లేదు, నా కోసం చూస్తున్నారు, తర్వాతి ఈల కోసం.

"ఆపండ్రా! బడి పిల్లలురా!" అని చివరికి ఇన్‌స్పెక్టరే అరిచాడు. వచ్చి నా కాలరు పట్టి లేపాడు. "కర్రలిచ్చి పిల్లల్ని మా మీదికి ఎందుకు తోలినవ్ రా?"

నోటి నిండా నెత్తురు.

ట్రాలీ ఆటోలో వాణ్ణి భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోయాం. పాదాలు కాలిన ఆ అవ్వే వాడి తలను ఒళ్ళో పెట్టుకుంది. వాడి స్కార్ఫుతో పుస్తకంలో ఉన్నట్టే కట్టు కట్టాను. డాక్టరు కుట్లు వేసి, తల ఎముక పగిలిందని, లోపల వాపు ఉందని, వరంగల్ దారి మూసేశారు కాబట్టి తెల్లారేదాకా చూడాలని చెప్పాడు. "తెలివొస్తే బతికినట్టే. కానీ తల లేపనియ్యొద్దు. కొంచెం గూడ."

మధ్యాహ్నం దాటాక, దారి మూసేయడంతో భూపాలపల్లిలోనే చిక్కుకున్న కార్యదర్శి ఒక కాగితంతో వచ్చాడు. బాలుడు నాయకుని ఆజ్ఞ మీరి ఆందోళనకారులతో కలిశాడని అందులో ఉంది.

"సంతకం పెట్టు. సంఘం బతకాలె. నువ్వు గూడ బతకాలె."

దవాఖాన బయట జనం ఇంకో మాట చెప్పుకుంటున్నారు. పిల్లవాడు లాఠీల ముందు ఛాతీ చూపించి జై తెలంగాణ అన్నాడట. రెండూ అబద్ధాలే. కాగితం చింపే ధైర్యం నాకు లేదు. ఇక్కడ కాదు, తర్వాత పెడతానని సైగ చేసి, మడిచి జేబులో పెట్టుకున్నాను.

పొద్దు వాలేటప్పుడు, కార్యదర్శి బడికి ఫోనులో చెప్పిన కబురు విని దర్జీ వచ్చాడు. ఎవరిదో బండి మీద, ఊరూరా రాళ్ళు తప్పించుకుంటూ. కొడుకును చూసి, నా దగ్గరికి వరండాలోకి వచ్చాడు.

"నా పోరడు లొల్లిల కలిసిండంట గద సార్? మీ మాట ఇనలేదంట గద?"

అప్పుడు చెప్పాను. వాచిన నోటితో, ఒక్కొక్క మాటా. పొడుగు ఈల, పొట్టి ఈల, పది లెక్క, కర్ర, పిక్కలు. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక కుట్టు కొలతలు సరిచూసుకున్నట్టు అడిగాడు.

"మీరు పొమ్మంటె పోయిండు."

"పోయిండు చాచా."

"పోలీసోడు ఊదితే మీరే అనుకొని వచ్చిండు."

"అవును."

"కర్ర లేకుంటె కొడ్తరని కర్ర కోసం పోయిండు."

తలూపాను.

"అందరి కన్న ముందొచ్చిండా?"

"ముందొచ్చిండు."

అప్పుడు కొట్టాడు. కత్తెర పట్టి పట్టి రాయిలాగా అయిన చెయ్యి అది. మొదటి దెబ్బకే గోడకు కొట్టుకున్నాను. జుట్టు పట్టి వంచి వీపు మీద గుద్దాడు, పడిపోతే డొక్కలో తన్నాడు. "లెక్కవెట్టు సార్! పది దాక లెక్కవెట్టు! నీకొస్తది గద!" అని అరుస్తూనే తన్నాడు. చిగుళ్ళలోంచి మళ్ళీ నెత్తురు కారింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. కాంపౌండరు, ఇంకో ఇద్దరు వచ్చి ఆయన్ని లాగారు.

ఆయన నల్లా కింద చేతులు కడుక్కున్నాడు. మొహం కడుక్కున్నాడు. తిరిగి వచ్చి, నన్ను చెయ్యి పట్టి బల్ల మీద కూర్చోబెట్టాడు. చాలాసేపు ఆయాసపడ్డాడు.

"ఇగ మీరు పోండ్రి సార్."

"తెల్లారేదాక ఉంట చాచా."

"వద్దు. వాడు కండ్లు తెరిస్తె మీరు కనవడొద్దు. మిమ్మల్ని చూస్తె లేచి నిలవడ్తడు. డాక్టరు తల లేపొద్దన్నడు."

సంతకం పెట్టని ఆ కార్యదర్శి కాగితం ఆయన చేతిలో పెట్టి దవాఖాన నుంచి బయటికి వచ్చాను. మిగతా పదిహేను మందిని అక్కడి బడి సార్లు తమ దగ్గర ఉంచుకున్నారు. నేను పరకాల వైపు నడిచాను. మర్నాడు పొద్దున వాడు కళ్ళు తెరిచాడని, నీళ్ళు అడిగాడని, రెండురోజుల తర్వాత జిరాక్సు కోసం వచ్చినవాళ్ళు ఎవరో చెప్పారు. కుడిచేతి రెండు వేళ్ళు వంగడం లేదని కూడా చెప్పారు. చూడడానికి నేను వెళ్ళలేదు. ఆయన పొమ్మన్నది ఆ ఒక్క రోజుకేనో, ఎప్పటికీనో నేను అడగలేదు.