అమీర్ జాన్ కార్జం, అప్నీ హడ్డీ

గల్ఫ్‌లోని బనియాస్‌లో అమీర్ జాన్ మాంసం కొట్టు తెలియనివాడు ఉన్నాడంటే వాడు శాకాహారి అయినా అయ్యుండాలి, అప్పుడే విమానం దిగినా దిగుండాలి. నెల్లూరు నుంచి వచ్చిన ఈ మనిషి కొట్టిన ఖీమా ఎంత సన్నగా ఉండేదంటే, ఏసీ గాలికి ఎగిరిపోకుండా దాని మీద తూకపు రాయి పెట్టాల్సి వచ్చేది. కళ్లకు గంతలు కట్టి ఎముక చేతికిస్తే చాలు, తట్టి చూసి అది ఏ దేశపు మేకో, దాని తాతకు కోపం ఎక్కువో తక్కువో చెప్పేవాడు. నమ్మనివాళ్లు నమ్మకండి. పక్క షట్టర్‌లో టైర్లకు పంక్చర్లు వేస్తూ అంతా కళ్లారా చూసినవాణ్ణి నేను. పదో తరగతి ఒకటికి మూడుసార్లు చదివిన మనిషిని, నాకు అబద్ధమాడాల్సిన అవసరం ఏముంది?

అలాంటి అమీర్ జాన్‌కి 2006 ఎండాకాలంలో కళ్లు పసుపుపచ్చగా తిరిగాయి. కత్తి ఎత్తితే దించడానికి ఓపిక లేదు. నేనే క్లినిక్‌కి తీసుకెళ్లాను. అక్కడి మలయాళీ డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి హెపటైటిస్ బి అని తేల్చింది. వైరస్ ఏళ్ల తరబడి కాలేయంలో కాపురం పెట్టిందనీ, కాలేయం గట్టిపడటం మొదలైందనీ, రోజూ మాత్ర వేసుకోకపోతే ప్రాణం మీదికొస్తుందనీ చెప్పింది.

"కాలేయమంటే ఏంది అబ్బయా?" అని నన్నడిగాడు.

"కార్జం భాయ్."

అమీర్ జాన్ పకపకా నవ్వాడు. "ఇంతేనా! డాక్టరమ్మా, కార్జానికి మనకేం కరువు? పొద్దున్నే బండెడు దిగింది. మంచిది చూసి మార్చెయ్యండి."

అలా కుదరదని డాక్టరమ్మ చెప్పేసరికి అతని మొహం వాడిపోయింది. పాపం ఆవిడ ఓదార్చబోయింది. "పరిశోధనలు జరుగుతున్నాయి. ఎముకల్లోని మూలుగలో మూలకణాలుంటాయి. స్టెమ్ సెల్స్ అంటాం. వాటితో కాలేయాన్ని బాగుచేయొచ్చేమోనని చూస్తున్నారు. అప్నీ హడ్డీ సే! కానీ అది ఇంకా ప్రయోగమే, మందు కాదు. నువ్వు మాత్ర మాత్రం మానకూడదు."

ఇన్ని మాటల్లో అమీర్ జాన్ చెవిలోకి దూరినవి రెండే. అప్నీ హడ్డీ. హడ్డీ అంటే ఎముక, గల్ఫ్‌లో అప్నా అంటే మనది అనే లెక్క. అప్నా రూమ్, అప్నా గల్లీ, అప్నా దుకాణం. కాబట్టి అప్నీ హడ్డీ అంటే అప్నా దుకాణంలోని హడ్డీ!

"చూశావా అబ్బయా, ఇన్ని కొట్లుండగా మన కొట్టు ఎముక పేరే చెప్పింది. చదువుకున్న మనిషి, నాణ్యం తెలుసు."

ఆ రోజు నుంచి కొట్లో నల్లి ఎముక అమ్మకం ఖలాస్. మూలుగున్న ప్రతి ఎముకా అమీర్ జాన్ నోటికే. అతను ఎముక జుర్రితే ఆ చప్పుడుకి రోడ్డు మీద టాక్సీలు బ్రేకులు వేసేవి. ఒకసారి ఒంటె తొడ ఎముక తెచ్చాడు. ఒక కొస నోట్లో పెట్టుకుంటే రెండో కొస మా షట్టర్‌లోకి వచ్చింది. దాని మీద నేను తువ్వాలు ఆరేసుకున్నాను.

కబురు పాకింది. బట్టతల డ్రైవరొకడు వచ్చి మేక తలకాయ ఎముక అడిగాడు, జుట్టు మొలుస్తుందని. మోకాళ్ల నొప్పులవాడు మోకాలు చిప్ప కావాలన్నాడు. ఇంకొకడు, "సెల్లంటున్నారు, ఛార్జింగ్ ఎంతసేపు నిలబడుద్ది?" అనడిగాడు. అమీర్ జాన్ అందరికీ ఓపిగ్గా సలహాలిచ్చాడు గానీ ఎముక మాత్రం ఇవ్వలేదు. "ముందు నా కార్జం బాగుపడనీండి. ఆనక మీ పాట్లు చూద్దాం."

డాక్టరమ్మ ఇచ్చిన మాత్రల డబ్బా త్రాసు వెనక అలాగే పడుంది. "మాత్ర భాయ్, మాత్ర" అని నేను గుర్తు చేస్తే, "నీ ట్యూబులో గాలి నువ్వు చూసుకో అబ్బయా" అనేవాడు. కళ్లు ఇంకా పసుపెక్కాయి. కడుపు ఉబ్బుతోంది. దాన్ని నిమురుకుంటూ, "కార్జం పెరగతా ఉంది, చోటు చాలడంలా" అని మురిసిపోయేవాడు. అందరం నవ్వాం గానీ, నాకు లోపల గుబులుగానే ఉంది.

అసలు దెబ్బ తగిలింది ఎదురు హోటల్లో నల్లి ఎముకల పులుసు, అదే నిహారీ, వండే లాల్ అహ్మద్‌కి. కడప మనిషి, గరిటె తిప్పడంలో నవాబు. వారం రోజులు ఓర్చుకుని ఒకరోజు గరిటెతో సహా వచ్చాడు.

"భాయ్, నల్లి లేని నిహారీ ఏందప్పా? పెళ్లికొడుకు లేని నిఖానా? జనం ఖాళీ ప్లేట్లు వాయిస్తాండారు!"

"నా ప్రాణం కన్నా నీ నిహారీ ఎక్కువా?"

లాల్ అహ్మద్ గరిటె ఎత్తబోయాడు. త్రాసు వెనక సీలు కూడా తీయని డబ్బా కంటబడింది. ఒకసారి డబ్బాను, ఒకసారి ఆ పసుపు కళ్లను చూశాడు. అమీర్ జాన్ ఫోన్ లాక్కుని నెల్లూరుకు కలిపి, జరిగిందంతా చెప్పేసి, స్పీకర్ నొక్కి మాంసం మొద్దు మీద పెట్టాడు.

అవతల మున్నీబీ. అమీర్ జాన్ భార్య. ఆమె గొంతుకు కొక్కేనికి వేలాడుతున్న మేకలు కూడా ఊగడం నేను చూశాను.

"ఏందయ్యా, ఎముకలు నాకతా ఉండావంటనే?"

"మూలుగ తింటే కార్జం పెరుగుద్దంట మున్నీ..."

"అట్నా! పెళ్లయిన కాడ్నించి వారం వారం భేజా ఫ్రై తింటా ఉండావే, నీకు భేజా ఏమన్నా పెరిగిందా?"

ఎముక కోసం మళ్లీ వచ్చిన బట్టతల డ్రైవరు చేతిలోని సంచీ మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు నువ్వు కావాలయ్యా" అంది మున్నీబీ, ఈసారి చిన్న గొంతుతో. "మాత్రేసుకో. ఇప్పుడే. నీళ్లు మింగిన చప్పుడు నాకు ఇనపడాల."

అమీర్ జాన్ మింగాడు. అందరికీ వినబడింది.

మర్నాడు లాల్ అహ్మద్, నేను చెరో రెక్కా పట్టుకుని క్లినిక్‌కి తీసుకెళ్లాం. మాత్ర ముట్టలేదని తెలిసి డాక్టరమ్మ కోప్పడింది. "అప్నీ హడ్డీ అంటే నీ కొట్లో ఎముక కాదు. నీ ఒంట్లోది! నీ తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, కణాలు వేరుచేసి, తిరిగి నీకే ఎక్కించి చూస్తున్నారు. అదీ పనిచేస్తుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు."

అమీర్ జాన్ కళ్లు మెరిశాయి. తన తుంటి తడుముకున్నాడు. "అదా సంగతి! ఆ ముక్క తీయడం మీవాళ్లకేం తెలుసు? నేను గీత గీసిస్తా. కత్తి కూడా మనదే తెస్తా."

"కత్తి కాదు, సూదితో తీస్తారు."

"సూదితోనా?" అమీర్ జాన్ నీరుగారిపోయాడు. జేబులోంచి డబ్బా తీసి, ఆ రోజు మాత్ర అక్కడే నోట్లో వేసుకున్నాడు. "సూది పనంటే అది దర్జీల యవ్వారం డాక్టరమ్మా. వాళ్లు మాటిచ్చిన రోజుకు ఎప్పుడిచ్చారు గనక? వాళ్లు తెచ్చిందాకా నాకీ మాత్రే గతి."