కుబేరస్థానపు క్యాబిన్

2003 ఆగస్టులో, విజయవాడ గవర్నరుపేటలోని మా ప్రయాణ సంస్థలో ఓడయాత్రల విభాగాన్ని నాకు అప్పగించారు. విభాగమంటే ఒక బల్ల, ఒక టెలిఫోను, గోడన ఒక ప్రపంచపటం, నేను. భాషాప్రవీణ చదివి, పండిత పదవి దొరకక, ఏళ్ళ తరబడి విమానపు టిక్కెట్లు రాసిన నన్ను ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టినవారు సంస్థ యజమాని కరీముల్లా గారు. వారి తండ్రిగారు ఒకప్పుడు హజ్ యాత్రికులకు బొంబాయి ఓడలలో చోటు కుదిర్చిన మనిషి. ఓడ అనే మాట మీద వారికి వంశానుగతమైన గౌరవం ఉండేది. మా ఖాతాదారులకు అటువంటిదేమీ లేదు. పెళ్ళి విస్తరిలో కూరలు లెక్కించే చూపుతో కరపత్రంలో రేవుల పేర్లు లెక్కించి, "ఎన్ని దేశాలొస్తాయండీ?" అని అడగడంతో వారి జిజ్ఞాస ముగిసేది.

ఆస్ట్రేలియాకూ ఆసియాకూ నడుమ సాగే యాత్రల స్వభావం కొంత చెప్పాలి. దక్షిణార్ధగోళంలో వేసవి సాగినంతకాలం విహారనౌకలు ఆస్ట్రేలియా తీరాన తిరుగుతాయి. అక్కడ చలి మొదలు కాగానే సింగపూరు వైపు తరలుతాయి. మళ్ళీ మన దీపావళి రోజులలో దక్షిణానికి మరలుతాయి. ఎటూ తరలక తప్పని ఓడ ఖాళీగా పోవడమెందుకని ఆ ఒకవైపు ప్రయాణానికి టిక్కెట్లు అమ్ముతారు. రేవులు తక్కువ, సముద్రం ఎక్కువ. అందుచేతనే వాటిని మావాళ్ళు ఈసడించేవారు. నీళ్ళు చూడ్డానికి అంత దూరమెందుకు, బ్యారేజి మీద నిలబడితే సరిపోదా అని నన్ను నిలదీసినవారు ఒకరిద్దరు కారు.

అటువంటి యాత్రనే కోరి వచ్చిన మొదటి మనిషి రాజ్యలక్ష్మి గారు. పటమటలో పేరున్న సివిల్ కాంట్రాక్టరు వెంకటరత్నం గారి భార్య. ఆమె పుట్టిల్లు బందరు కాలువ గట్టున. పిల్లతనంలో పడవ మీద బెజవాడ వచ్చిన జ్ఞాపకం ఆమెకు మిగిలి ఉంది. భర్తకు అరవై నిండినప్పుడు ఏం కావాలని ఆయన అడిగితే ఓడ ప్రయాణం కావాలన్నారట.

"పెళ్ళయ్యాక ఈయన్ని నేనడిగింది ఇదొక్కటేనండి," అన్నారు నాతో. "నాకు దేశాలొద్దు. ఒడ్డు కనపడకుండా ఒక్కరోజన్నా కూర్చోవాలి."

ఆరోగ్య వివరాలు అడగడం మా విధి. ఆమెకు చెవిలో దోషం వల్ల తల తిరిగే జబ్బు ఉందనీ, కుదుపు తగిలితే మంచం దిగలేరనీ తెలిసింది. దానికి ఉపాయం మా వృత్తిలో అందరికీ తెలిసినదే. పిల్లలు చెరొక కొసన కూర్చొని ఊగే బల్లకు నడుమ ఊపు తక్కువ, కొసన ఎక్కువ, ఓడా అంతే. నడిమి భాగంలో, కింది అంతస్తులో గది తీసుకోవాలి. అటువంటి గదినే ఓడ నమూనా పటంలో గుర్తుపెట్టి ఇచ్చాను.

వారం తరవాత ఆ పటం భవానీపురంలోని ఒక వాస్తు సిద్ధాంతి చేతిలో నలిగి, పసుపు పూసుకొని, ఆయనతో సహా తిరిగివచ్చింది. దీపావళికి వెళ్ళే దక్షిణ యాత్ర కూడదు, అది యముడి దిక్కు అన్నారాయన. ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా నుంచి ఉత్తరానికి వచ్చే ఓడ అయితే ప్రశస్తమట. ఓడ ఎక్కడానికైనా ముందు దక్షిణానికే పోవాలి కదా అన్నాను. విమానానిది ఆకాశమార్గం, దానికి దిగ్దోషం లేదని సెలవిచ్చారు. అంతటితో ఆగలేదు. ఉత్తరానికి పోయే ఓడలో ముందుకొసన ఉన్న గది కిటికీ ఉత్తరాన్నే చూస్తుంది, ఉత్తరం కుబేరస్థానం, కనుక పై అంతస్తులో ముక్కు మీది గదే కావాలి.

శాస్త్రం మాట వచ్చింది కనుక, మన పెద్దలు సముద్రయానాన్నే నిషేధించారు గదా అని అడిగాను. అది పాతమాట అన్నారు సిద్ధాంతి. నిషేధం పాతబడి, దిక్కు మాత్రం పాతబడకపోవడం ఏ శాస్త్రమో నాకు ఈనాటికీ తెలియదు. ఒక్క శ్లోకం పాదభంగం లేకుండా చెప్పలేని నోటితో ఆయన శాస్త్రమని తొమ్మిదిసార్లైనా అని ఉంటారు.

అక్కడ అమ్మగారు నిలవలేరని వెంకటరత్నం గారికి విడమరిచి చెప్పాను.

"ఆడవాళ్ళకి బస్సెక్కినా తిప్పుద్దండీ శాస్త్రిగారూ. నిమ్మకాయ పెట్టుకుంటుందిలే," అన్నారాయన.

రాజ్యలక్ష్మి గారు పక్కనే ఉన్నారు. ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ పటాన్ని ఆయన వైపే పెట్టి మాట్లాడాను. కరీముల్లా గారు నన్ను లోపలికి పిలిచి, "మనం టిక్కెట్లు అమ్ముతాం పంతులుగారూ, బుద్ధులు అమ్మం," అన్నారు. గది ఖాయమయింది.

2004 ఏప్రిల్‌లో బయలుదేరాం. బంధుమిత్రులతో కలిసి బృందం పెద్దది కావడంచేత టూర్ మేనేజరుగా నేనూ వెళ్ళాను. టూర్ మేనేజరుకు ఇచ్చేది ఓడలో అన్నిటికన్నా చవక గది: కిటికీ లేనిది, కింది అంతస్తుది, సరిగ్గా నడిమిది.

పెర్త్ పక్కనున్న రేవు విడిచిన సాయంత్రమే సముద్రం పొంగింది. మరునాడంతా రాజ్యలక్ష్మి గారు కళ్ళు తెరవలేదు. ఓడ ముక్కు లేచిపడినప్పుడల్లా ఆ కుబేరస్థానంలో మంచం, మనిషి, నిమ్మకాయ ఒక్కసారిగా లేచిపడేవి. డాక్టరు సూది వేసి, గది మార్చమన్నాడు. ఖాళీ గది లేదు. నా గది ఇస్తానన్నాను. వెంకటరత్నం గారు వచ్చి చూసి, తలుపు దక్షిణానికి ఉందనీ, ఇంకొక్క రోజు ఓర్చుకుంటే సర్దుకుంటుందనీ చెప్పి వెళ్ళారు.

మూడవనాడు పొద్దున ఆమె గోడ పట్టుకొని స్వయంగా నా తలుపు దాకా వచ్చారు.

"ఆయన్ని కుబేరుడి దగ్గర ఉండనివ్వండి. మీ గది నాకివ్వండి శాస్త్రిగారూ. ఆయన్ని అడగబాకండి, నేను చెప్తాలే."

ఓడలో గదులు తమంతట తాము మార్చుకోరాదు. ప్రమాదవేళ ఎవరు ఏ రక్షణపడవ దగ్గర చేరాలో గదిని బట్టే నిర్ణయిస్తారు. పర్సర్ అనే అధికారి అనుమతించి కొత్త కార్డులు ఇవ్వాలి. డాక్టరు మాట ఉన్నందున వెంటనే ఇచ్చాడు. ఆమె నా గదికి, నేను కుబేరుడి సన్నిధికి మారాం.

ఆ పూట నిద్రపోయి లేచిన రాజ్యలక్ష్మి గారు, ఆ సాయంత్రం నుంచి నడిమి డెక్కు మీద ఒక కుర్చీ చూసుకొని, భోజనానికి తప్ప లేవలేదు. చుట్టూ ఎటు చూసినా ఒడ్డు లేదు. పైన, ముక్కు మీద, వెంకటరత్నం గారు, నేను చెరొక మంచాన చెరొక వాంతి సంచీ పట్టుకొని పడుకున్నాం. బస్సు, నిమ్మకాయల ప్రసక్తి ఆయన మళ్ళీ తేలేదు.

బాలి దాటాక ఓడ సింగపూరు కోసం పడమరగా తిరిగింది. ఆ సాయంత్రం మా కిటికీ అద్దంలో ఎర్రని వెలుగు నిండింది. కుబేరస్థానంలో సూర్యుడు అస్తమిస్తున్నాడు.

"శాస్త్రిగారూ, ఇది ఉత్తరమేనంటారా?" అని అడిగారు వెంకటరత్నం గారు.

ఆయన కాసేపు చూసి, లేచి తెర లాగేశారు.

తిరిగివచ్చాక సిద్ధాంతి నిర్ణయం వెలువడింది. వాస్తు బలం ఉండబట్టే గండం ఇంతటితో పోయిందట. వెంకటరత్నం గారు తలూపారు. మైలవరం వైపు ఆయనకు ఒక రోడ్డు పని దక్కగానే ఆ కిటికీ ఖ్యాతి ఊరంతా పాకింది. మరుసటి ఏడు ముక్కు మీది గదులు కావాలని నాలుగు కుటుంబాలవారు వచ్చారు. సముద్రం పొంగుతుందా అని ఒక్కరూ అడగలేదు.

ఐదవ మనిషిగా రాజ్యలక్ష్మి గారు ఒంటరిగా వచ్చారు. చెల్లెలితో వెళ్తానన్నారు. ఈసారి దక్షిణానికి పోయే యాత్ర. పటం అడిగి తీసుకొని, నడిమి భాగాన కింది అంతస్తులో వేలు పెట్టి, అక్కడ చాలన్నారు.

ఈ ఉదంతం నా పనిలో ఒక్క పద్ధతిని మార్చింది. మూర్ఖత్వాన్ని వాదంతో మాన్పలేమని నాకు ముందే తెలుసు. అది నేర్చుకోవడానికి ఓడ ఎక్కనక్కరలేదు. నేను నేర్చినది ఇంతే: గది ఎవరి పేరున రాసినా, అందులో ఎవరికి నిద్రపట్టదో వారిని ముందు అడగాలి. ఉద్యోగ విరమణ దాకా దంపతులు ఎవరు వచ్చినా ఓడ పటాన్ని భార్య వైపు తిప్పి బల్ల మీద పరిచేవాణ్ణి. అలా పరిచినప్పుడు అది ఏ దిక్కుకు ఉండేదో ఎన్నడూ చూడలేదు.