అక్క సన్మానం, బావ ఉపన్యాసం

మా బావకు కుళ్లు ఎక్కువ. ఆ మాట ఆయన మొహం మీదే అంటుంటాను కాబట్టి ఇక్కడ రాయడానికి నాకు మొహమాటం లేదు. పరాయివాళ్లను చూసి కాదు. ఆఫీసులో తనకన్నా చిన్నవాడికి ప్రమోషన్ వచ్చినా నవ్వుతూ భుజం తట్టి వస్తాడు. ఆయన కడుపుమంటంతా కట్టుకున్న పెళ్లాం మీదే.

అక్కా బావా ఒకే స్కూల్లో, ఒకే క్లాసులో చదువుకున్నారు. ఏ ఏడు చూసినా ఫస్టు బావే. అక్కది చివరి బెంచీ, లెక్కలంటే హడలు. పెళ్లయ్యాక బావ నీటి సరఫరా ఆఫీసులో చేరి, నోటీసులు రాసీ రాసీ సూపరింటెండెంటయ్యాడు. అక్క ఒక ఆసుపత్రి వెనక షెడ్డులో కృత్రిమ కాళ్లు చేసే పనికి కుదిరింది. అచ్చులు పోయడం, అరగదీయడం, పట్టీలు కుట్టడం. ఇంటికి వచ్చేసరికి జుట్టు నిండా తెల్లటి పొడి. ఎదిగే పిల్లలకు మాటిమాటికీ కాలు మార్చే పని లేకుండా, పిల్లతోపాటు పొడవు పెంచుకోగలిగే కాలొకటి తయారుచేసింది. ఆ సంగతి పేపర్లో పడ్డ రోజున బావ అదే పేజీ తీసి వాతావరణం చదివాడు.

ఒక ఆదివారం పొద్దున స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. తీసింది బావ. పూర్వ విద్యార్థుల్లో గొప్ప పనులు చేసినవాళ్లను సన్మానిస్తున్నామని హెడ్‌మిస్ట్రెస్ చెబుతుంటే ఆయన లేచి నిలబడ్డాడు. చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. అబ్బే, నాదేముందండీ అని కూడా అనేశాడు. అవతల ఏమన్నారో గాని మొహం వాడిపోయింది. ఫోన్ తెచ్చి అక్క చేతిలో పెట్టాడు.

ఆ రోజంతా ముళ్ల మీద కూర్చున్నట్టున్నాడు. ఎంతమందిని పిలిచారని అడిగాడు. ఏ వందమందో అయితే కాస్త ఊరట. నలుగురినే అని తెలిసి తింటున్నవాడల్లా కంచం ముందు నుంచి లేచిపోయాడు. సాయంత్రానికి, ఈ కాలంలో సన్మానాలకు విలువ లేదని తేల్చాడు. చివరి బెంచీని పిలిచి మొదటి బెంచీని మరిచిపోయిన స్కూలు ఏం బాగుపడుతుందని నన్ను నిలదీశాడు. మొదటి బెంచీ ఏం సాధించిందో వాళ్లకు తెలియదేమో బావా అన్నాను. పుండు మీద కారం చల్లుతున్నానని తెలిసే అన్నాను. ఆయన్ను ఉడికించకపోతే నాకు తోచదు.

మర్నాడు ఆయనకో ఉపాయం తట్టింది. అక్కకు నలుగురిలో మాట్లాడాలంటే వణుకు కదా, ఉపన్యాసం తానే రాసిస్తానన్నాడు. నేనే ఏవో నాలుగు ముక్కలు అనుకుంటున్నానులే అంది అక్క. వింటేగా. మాట్లాడటానికి ఇచ్చింది ఐదు నిమిషాలు. బావ రోజూ ఆఫీసు నుంచి రాగానే కూర్చుని, రాసి, కొట్టేసి, గడియారం ఎదురుగా పెట్టుకుని పైకి చదువుకుని, చివరికి సరిగ్గా అంతలోకి ఇమిడ్చాడు. తెచ్చి నాకు చూపించాడు. సగం కాళ్ల గురించి. మిగతా సగం 'నా భర్తగారి నిరంతర మార్గదర్శకత్వం', 'విద్యార్థి దశ నుంచే నాకు గణితం బోధించిన నా భర్తగారు', 'వారి ప్రోత్సాహమే లేనిచో'. బిల్లు కట్టనివాళ్లకు ఆయన పంపే నోటీసులు కూడా అదే భాషలో ఉంటాయి.

సిగ్గులేదా బావా అని అడిగాను.

"అందులో అబద్ధం ఒక్కటుంటే చూపించు" అన్నాడు.

నిజమే, లేదు. లెక్కలు చెప్పాడు. అడిగినప్పుడు సలహాలిచ్చాడు, అడగనప్పుడు ఇంకా ఎక్కువ ఇచ్చాడు. అయినా ఆయన బాధేమిటో నాకు అప్పుడే తెలిసింది. తనను వేదిక ఎక్కించకపోయినా ఫర్వాలేదు. ఆ స్కూల్లో, అందరి ముందు, అక్క నోట తన మాట రావాలి. అది రాదేమోనని ప్రాణం కొట్టుకుంటోంది.

సన్మానం రోజున నేనూ బావా రెండో వరసలో కూర్చున్నాం. అక్కను పిలిచారు. కాగితం తీసి చదివింది. ఒక్క ముక్క వదల్లేదు, ఒక్క ముక్క కలపలేదు. ఇంట్లో నువ్వు, నువ్వు అని పిలిచే మనిషిని మైకులో గారు, గారు అంటుంటే నాకు నవ్వు ఆగలేదు. పక్కకు తిరిగి చూస్తే బావ పెదాలు కదులుతున్నాయి, అక్క కన్నా ఒక మాట ముందే.

హాలంతా చప్పట్లు. హెడ్‌మిస్ట్రెస్ మైకు అందుకుని, ఆ భర్తగారు ఒకసారి లేచి నిలబడాలని కోరింది. బావ లేచాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. ఇన్నాళ్లూ దేనికోసం కుళ్లి చచ్చాడో అది చేతికందింది. కాని కూర్చున్నాక చూస్తే మొహంలో నెత్తుటి చుక్క లేదు. వెనక కూర్చున్నాయన ముందుకు వంగి, మీ ఆవిడకు మీరంటే ఎంత గౌరవమండీ అన్నాడు. బావ తల దించుకున్నాడు. ఆ గౌరవం ఎవరి చేతిరాతో ఆయనకు తెలుసు.

తిరిగి వస్తుంటే కారు బావే నడిపాడు. అక్క జ్ఞాపికను ఒళ్లో పెట్టుకుని ఆయన పక్కన కూర్చుంది, నేను వెనక. సగం దారిలో ఆయనే అడిగాడు.

"నేను రాసివ్వకపోతే నా గురించి ఏమైనా చెప్పేదానివా?"

"ఒక్కటే అనుకున్నా" అంది అక్క. "మొదటి కాలు తయారయ్యాక అది ఏ పిల్లకైనా కట్టాలంటే నాకు భయమేసింది, గుర్తుందా? పిల్లల కాలైతే నీకు పట్టదని, అదే కీలుతో పెద్దది చేయించావు. మోకాలు మడిచి కట్టించుకుని షెడ్డంతా తిరిగావు. బోర్లా పడ్డావు, గడ్డం చీరుకుపోయింది. లేచి, ఇక్కడ వదులుగా ఉంది, ఇక్కడ గుచ్చుకుంటోంది అని చెప్పి మళ్లీ నడిచావు. నాకు ధైర్యం వచ్చింది అప్పుడే. అది చెబుదామనుకున్నా."

ఆ గడ్డం మీది గాటు గీసుకునేటప్పుడు తెగిందని ఇన్నేళ్లూ అనుకున్నాను. బావ కూడా ఆ సంగతి మరిచిపోయినట్టున్నాడు. ఆయన దృష్టిలో అది ఘనకార్యాల్లోకి రాదు.

"మరి చెప్పలేదేం?"

"టైమేదీ? నీ కాగితం అయ్యేసరికి బెల్లు కొట్టారు."

బావ కారు పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు మీద నుంచి చేతులు తీయలేదు.

"ఆ భర్తగారెవడో నా చోటంతా తన్నుకుపోయాడన్నమాట" అన్నాడు.