హారతి కోసం ఆగిన కంప్యూటర్

ఆ రోజుల్లో (మరీ తాతల కాలం కాదు లెండి, కంప్యూటర్ బల్ల నిండా బీరువాలా కూర్చునే కాలం) నాకు రాని కంప్యూటర్ పని లేదని నా గట్టి నమ్మకం. డిగ్రీ పూర్తయినా ఉద్యోగం రాలేదంటే అది కంపెనీల ఖర్మ అనుకునేవాణ్ణి. నన్ను రావులపాలెంలో ఎరువుల కొట్లో కూర్చోబెట్టాలని మా నాన్న, కడియంలో మావయ్య నర్సరీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోవాలని నేను, ఎవరి పట్టు వాళ్ళం పట్టాం. చివరికి మావయ్యే తీర్పు చెప్పారు. "రేపు నాగపూర్ లోడు ఉందిరా. ఎండెక్కేలోగా బిల్లులు తీసి లారీ పంపించావా, ఈ కుర్చీ నీది. లేదంటే నోరెత్తకుండా మీ నాన్న చెప్పిన కొట్టుకెళ్ళు."

ఆ కంప్యూటర్లో రెండు విండోస్‌లు ఉండేవి. కొత్తది ఎక్కించింది నేనే. "పనిచేస్తున్నదాన్ని తీసెయ్యడమేంట్రా, పాపం" అని మావయ్య అడ్డుపడటంతో పాతదీ పక్కనే ఉండిపోయింది. స్విచ్ వేయగానే తెర మీద ఒక మెనూ వచ్చి, అందులో రెండు పేర్లూ కనబడేవి. ఏది కావాలో చెప్పమని కంప్యూటర్ కాసేపు ఆగేది. లోడు ముందు రోజు సాయంత్రం, చోటు చాలడం లేదని మావయ్యను ఒప్పించి పాతదాన్ని తుడిచేశాను. విండోస్ పోయింది గాని మెనూలో దాని పేరు పోలేదు. పొరపాటున దాని మీద నొక్కితే ఏదో ఘోరం జరిగిపోయినట్టు తెర నిండా తెల్లటి అక్షరాలు. మనుషులు ఖాళీ చేసిన ఇంటికి పేరు పలక ఎందుకని, సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ పేరు కూడా పీకేశాను. ఇక ఉన్నది ఒక్కటే కాబట్టి మెనూ రావడమే మానేసింది. స్విచ్ వేస్తే ఆగడాలు, అడగడాలు లేకుండా నేరుగా తెరుచుకుంటోంది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

తెల్లారేసరికి మామిడి అంట్లు, క్రోటన్లు, కాగితం పూల మొక్కలతో లారీ నిండిపోయింది. మావయ్య స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, హారతి పళ్ళెంతో ఆఫీసులోకి వచ్చారు. ఆ ఆఫీసులో రోజూ మొదటి పని అదే. ఆయన స్విచ్ వేసి, కర్పూరం వెలిగించి, తెరకు హారతిచ్చి కళ్ళకద్దుకున్నాకే బోణీ కాగితం బయటికి రావాలి. ఆ హారతి ఇన్నాళ్ళూ మెనూ ఆగే ఆ కాసేపట్లోనే జరిగిపోతోందని నాకు తట్టనే లేదు. ఆయన స్విచ్ వేసి అగ్గిపుల్ల గీశారు. కర్పూరం అంటుకునేలోగా విండోస్ తెరుచుకుని, తెర నిండా దాని బొమ్మలోని కొండలూ పచ్చికా వచ్చేశాయి.

"ఇదేంట్రా, అప్పుడే తెరుచుకుంది?"

"స్పీడు పెంచానండి మావయ్యా" అన్నాను గర్వంగా.

"హారతి కాకుండా పని మొదలెట్టేస్తే ఎలాగరా? ఆపి మళ్ళీ వెయ్యి."

మళ్ళీ వేశాను. మళ్ళీ కొండలూ పచ్చికా. కర్పూరం ముందే వెలిగించి పెట్టుకోండి, అప్పుడు స్విచ్ వేస్తానన్నాను. మావయ్య నన్ను జాలిగా చూశారు. "నిద్రపోతున్నదానికి ఇవ్వకూడదు, పనిలో పడ్డదానికీ ఇవ్వకూడదు. లేచి నిలబడి ఉండాలిరా!" (ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను, ఈ మాటలో తప్పు ఎక్కడుందో ఇప్పటికీ దొరకలేదు.) పోనీ ఈ పూటకి బిల్లు తీసేద్దామండీ అంటే, "హారతి లేని కాగితం నా గేటు దాటదు" అనేశారు.

బయట డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. అత్తయ్య లారీ మీదికి పైపుతో నీళ్ళు చిమ్ముతూ, "మీ మావా అల్లుళ్ళ పూజయ్యేసరికి ఈ అంట్లన్నీ వడిలిపోతాయండీ!" అని కేకేసింది. ఎండ అప్పటికే అరుగెక్కింది. నాకు ఎరువుల కొట్టు కళ్ళ ముందు కనిపించింది. ఆ వాసన కూడా వచ్చిందంటే నమ్మండి.

అయినా నేనెందుకు బెదురుతాను? కుర్చీ లాక్కుని, ఉన్నది ఒక్క పేరే అయినా మెనూ చూపించి తీరాలని, మేం సరేననే దాకా కదలకుండా చాలాసేపు ఆగాలని కంప్యూటర్‌కి ఆజ్ఞ రాసి, ఆపి మళ్ళీ వేశాను. మెనూ వచ్చింది. ఇడ్లీ తప్ప ఇంకేమీ దొరకని హోటల్ బోర్డులా అందులో ఒక్కటే పేరు.

మావయ్య కళ్ళజోడు సర్దుకున్నారు. "ఒక్కటే ఉందేంట్రా? మరి ఎంచుకోవడానికేముంది?"

"ఏమీ లేదండి. మీ హారతి కోసం ఆగింది, అంతే."

ఆయన మొహం వెలిగిపోయింది. తీరిగ్గా కర్పూరం వెలిగించి, హారతిచ్చి, కళ్ళకద్దుకున్న వేలితోనే ఎంటర్ నొక్కారు. కొండలూ పచ్చికా వచ్చాయి. బిల్లులూ వచ్చాయి. లారీ గేటు దాటింది.

మావయ్య వాకిట్లో నిలబడి ఆకాశం కేసి చూసి, "ఎండెక్కిందిరా" అన్నారు. ఇక ఎరువుల కొట్టే గతి అనుకున్నాను. ఆయన వెనక్కి తిరిగారు. "నన్ను మార్చబోకుండా దాన్ని మార్చావు. కూర్చో."

ఇప్పుడు నేను పెద్ద ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటున్నాను. అవి ఎంత గబుక్కున తెరుచుకుంటే నాకంత మంచి పేరు. మొదటి ఉద్యోగం మాత్రం ఒకదాన్ని ఊరికే నిలబెట్టినందుకు వచ్చింది. ఆ రోజు కాలరెగరేసుకుంటూ ఆ కుర్చీలో కూలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. మావయ్య అంత మాటన్నారా, వెర్రివాడికి అందులో "కూర్చో" ఒక్కటే వినబడింది.