నాలుగు బై ఐదులో నేను

మా ఆయన పేరు ఉదయ్ భాస్కర్. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్ నడుపుతారు. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆయన ఉద్యోగం. ఇంట్లో మాత్రం సాంబారులో ఉప్పు లేకపోయినా కనిపెట్టరు. నెమ్మది మనిషి, కోపం రాదు, నవ్వొస్తే మీసం కింద దాచేసుకుంటారు. ఇలాంటి మొగుణ్ణి పెట్టుకుని ఈ ఉమాశ్రీ అసూయతో చచ్చిపోతోందంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వనివ్వండి. ప్రగతి నగర్‌లో మాది రెండు పడకగదుల ఇల్లు. అందులో రెండో గది నా సవతిది.

సవతి అంటే కెమెరా. టేకు చెక్క ఒళ్ళు, ఇత్తడి లెన్సు, మధ్యలో హార్మోనియం తిత్తిలా నల్లటి మడతలు. దాన్ని తుడవడానికి మెత్తని గుడ్డ వేరే, బ్రష్షు వేరే. నేను జలుబుతో మూలుగుతుంటే గుమ్మంలోంచే "ఆవిరి పట్టుకో ఉమా" అని చెప్పే మనిషి, నాలుగు చినుకులు పడితే చాలు, దాని పెట్టెలో చెమ్మ చేరిందేమోనని పరిగెడతారు.

ఇంటికొచ్చినవాళ్ళెవరైనా "ఇది లార్జ్ ఫార్మాటాండీ?" అని అడిగారా, ఇక అయిపోయిందే, ఆయన పాఠం మొదలు.

"కెమెరా పెద్దదైతే సరిపోదండీ. లోపల ఫిల్మ్ ఎంతుందన్నదే లెక్క. చుట్ట చుట్టిన రీలు పనికిరాదు, ఒక్కో ఫోటోకి విడిగా ఒక్కో షీటు ఉండాలి. అది కూడా తక్కువలో తక్కువ నాలుగంగుళాలు బై ఐదంగుళాలు. అంతకు తగ్గితే ఎంత బాగున్నా లార్జ్ లెక్కలోకి రాదు."

నా ఫోటోలు లేవని కాదు. ఫోన్ నిండా ఉన్నాయి. రీలు కెమెరాలో శ్రీశైలం డ్యాం దగ్గర ఉన్నాను, మా చెల్లెలి పెళ్ళిలో ఉన్నాను. షీటు మీద మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. షీట్లన్నీ రాళ్ళకి. ఖాజాగూడ రాళ్ళు, నానక్‌రాంగూడ రాళ్ళు. టవర్లు లేపడానికి వాటిని పగలగొట్టేలోపు ఫోటో తీసేయాలట. ఆదివారం తెల్లారితే ఆయన రాళ్ళ దగ్గర, నేను పెసరట్ల పెనం దగ్గర.

"మరి నేను ఏ లెక్కలోకి వస్తానండీ?" అని ఒకరోజు అడిగేశాను.

"నువ్వు కదులుతావు ఉమా. ఒక్క సెకను రాయిలా ఉండాలి. నువ్వు సెకను మాట్లాడకుండా ఉండగలవా?"

ఆ రోజు నుంచి నాకు రాళ్ళంటే కుళ్ళు పుట్టింది. రాళ్ళంటే! ఎవరితోనైనా చెప్పుకుంటే ఎంత సిగ్గుచేటు.

ఇక్కడ గిరీష్ సంగతి చెప్పాలి. మా ఆయనతో రాళ్ళ వెంట తిరిగే స్నేహితుడు. ఈ పాత లెన్సులకి ఇత్తడి మూత తప్ప వేరే షట్టర్ ఉండదు. మూత తీసి, నల్లబట్టలో తలపెట్టి, వెనక అద్దం మీద బొమ్మ సరిచూసుకోవాలి. మళ్ళీ మూత పెట్టాకే అద్దం ముందుకి ఫిల్మ్ దూర్చి, దానికి అడ్డంగా ఉన్న పలక లాగాలి. ఆ తర్వాత ఒక్క సెకను మూత తీసి పెడితే ఫోటో పడినట్టు. గిరీష్ ఒకసారి మూత పెట్టకుండానే పలక లాగేశాడు. వెలుగంతా లోపలికి దూరి, కడిగి చూస్తే షీటు బొగ్గులా నల్లబడిపోయింది. మా ఆయన వదిలితేనా! గిరీష్ గృహప్రవేశంలో సత్యనారాయణ వ్రతం పీటల మీద కూర్చుంటే, చెవి దగ్గరికి వంగి "మూత పెట్టావా గిరీష్?" అని అడిగారు. ఆ తప్పు చేసేవాడు కెమెరా ముట్టుకోకూడదని ఆయన సిద్ధాంతం.

రాళ్ళతో ఎలాగో సర్దుకుపోయేదాన్నే. ఇంతలో సీతాబాయి వచ్చింది. మా చెరువుగట్టు మీద మక్క కంకులు కాల్చి అమ్మే ముసలమ్మ. ఒక ఆదివారం ఆవిడ ఫోటో షీటు మీద తీసుకొచ్చారు. ఒక్కో ముడత, ముక్కుపుడక మీద మసి, అన్నీ చేత్తో తడిమితే తగిలేటట్టున్నాయి. దాన్ని పెద్దది చేయించి హాల్లో, మా పెళ్ళి ఫోటో ఉన్న మేకుకి తగిలించారు. పెళ్ళి ఫోటో బీరువా మీదికెక్కింది.

ఉండబట్టలేక మర్నాడే గట్టు మీదికి వెళ్ళాను. ఒక కంకి కొని, మెల్లగా కదిపాను. "అంత కదలకుండా ఎలా కూర్చున్నావమ్మా?"

సీతాబాయి విసనకర్ర ఆపింది. "ఏం లేదు బిడ్డా. సారు ఆ నల్లబట్టల తలకాయ పెట్టిండు, ఇగ బయటికి రాడాయె. నాకు కూసున్నకాడనే కునుకు పట్టింది. కండ్లు తెరిచి పండుడు నాకు అలవాటే."

పకపకా నవ్వాను. ఆవిడ ఊరుకుందా? "నిన్ను మస్తు తీసిండు గదా మరి?" అంది.

"ఆ కెమెరాతో తీయలేదు."

"గదేంది! ఇంట్ల పెండ్లాన్ని ఇడిశిపెట్టి నన్ను తీసుడేంది?" అంటూ నా వంక జాలిగా చూసింది. సగం తిన్న కంకి అక్కడే పెట్టేసి లేచాను.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అడిగాను. "ఈ ఆదివారం నన్ను షీటు మీద తీస్తారా, లేకపోతే మీ చెక్కపెట్టెని పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యనా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తీస్తాను. కదలకూడదు మరి" అన్నారు.

ఖాజాగూడలో ఒక పెద్ద రాతిగుండుకి ఆనించి నిలబెట్టారు. నాది ముదురాకుపచ్చ పట్టుచీర. "నలుపూ తెలుపే కదా ఉమా, ఏ రంగైతేనేం" అన్నారు. "నాకు రంగే" అన్నాను. మూత తీసి నల్లబట్టలో దూరారు.

"అద్దం మీద తలకిందులుగా ఉన్నావు."

"మీ ఇంట్లో ఎప్పుడూ అలాగే ఉన్నాను లెండి."

బయటికొచ్చి ఫిల్మ్ దూర్చారు. అది దూర్చాక ఇక అద్దం మీద ఏమీ కనిపించదట. కెమెరా పక్కన నిలబడి మనిషిని మామూలు కళ్ళతో చూడాల్సిందే. ఈ సంగతి నాకప్పటిదాకా తెలియదు. ఎప్పుడు ఫోటో తీసినా ఆయన ముఖానికి ఫోనో కెమెరానో అడ్డం ఉండేది. ఇప్పుడేదీ లేదు. జుట్టంతా రేగిపోయి నిలబడి నన్నే చూస్తున్నారు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంతసేపు చూడలేదు ఈ మనిషి. నా నోట మాట రాలేదు. కళ్ళు చెమర్చాయి, అయినా కదల్లేదు. నన్ను చూస్తూనే పలక లాగారు. మూత తీయడానికి లెన్సు వైపు చెయ్యి చాచారు.

చెయ్యి గాలిలో ఆగిపోయింది. లెన్సుకి మూత లేదు. అది రెండో చేతి గుప్పిట్లో ఉంది.

"మూత పెట్టలేదు" అన్నారు. ముఖం పాలిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "రాళ్ళకి ఏనాడైనా మరిచిపోయారా? సీతాబాయికి మరిచిపోయారా? నా దగ్గరికొచ్చేసరికే గుర్తులేదా మీకు?"

"లేదు. రాళ్ళకి మరిచిపోలేదు. సీతాబాయికీ మరిచిపోలేదు." మూత వంక, నా వంక మార్చి మార్చి చూశారు. "నిన్ను చూస్తూ ఉండిపోయాను ఉమా."

ఇలాంటి మాట అనడం ఈయనకు చేతనవునని నాకేం తెలుసు? ఇంకా గట్టిగా తిట్టాను. రెండో షీటు పెట్టినప్పుడూ తిడుతూనే ఉన్నాను.

సాయంత్రం బాత్‌రూమ్‌లో రెండూ కడిగారు. రెండోదాంట్లో గుండు మీది ప్రతి పగులూ పడింది, నా నోరు మాత్రం అలికేసినట్టుంది. "చెప్పానా, కదులుతావని" అని మీసం కింద నవ్వుకున్నారు. మొదటిది ఈ చివర నుంచి ఆ చివర దాకా నలుపు. చెత్తబుట్టలో వేయబోతుంటే చేతిలోంచి లాక్కున్నాను.

దాన్ని ఫ్రేము కట్టించి, సీతాబాయి పక్కన ఇంకో మేకు కొట్టి తగిలించాను. తర్వాతి వారం గిరీష్ వచ్చాడు. హాల్లో నిలబడి కాసేపు తేరిపార చూశాడు.

"ఇదేంటి బాస్, అంతా నల్లగా ఉంది?"

"ఉమ" అన్నారు ఆయన.

గిరీష్‌కి అప్పుడు వెలిగింది. సోఫాలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. "మూత పెట్టలేదా! నువ్వా! ఇంతకీ ఇది లార్జ్ ఫార్మాట్ లెక్కలోకి వస్తుందా?"

ఆయన తొణకలేదు. "షీటు ఫిల్మ్. నాలుగు బై ఐదు. ఎందుకు రాదు?"

ముఖం తిప్పుకుని కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. ఆ రెండో గదినిండా ఎన్ని రాళ్ళ ఫోటోలైనా ఉండనివ్వండి. అలాంటి నల్ల షీటు వాటిలో ఒక్క రాయికీ లేదు.