చీటీలు దిగిన గోడ

మా అక్క ఇరవై రెండేళ్ళుగా ఆరో తరగతి పిల్లలకు ఇంగ్లీషు మాటలు నేర్పుతోంది. నేను తొమ్మిదిలోనే చదువుకు దండం పెట్టి బయటపడ్డవాణ్ణి. అయినా ఇంగ్లీషే నన్ను చూసి భయపడుతుందని అందరికీ చెబుతుంటాను. అది ఇంతవరకూ వచ్చి కాదనలేదు. ఆ గొప్ప కొంత అక్క చీటీలది.

అక్క బోర్డు మీద మాటల పట్టిక రాయదు. అరచేయంత కాగితం మీద ఒక్క మాట రాసి, తీసుకెళ్ళి ఆ వస్తువుకే అంటిస్తుంది. తలుపుకు, గడియకు, కిటికీ ఊచకు, చివరికి గోడ మీది పగులుకు కూడా. క్లాసులో ప్రతి ఒక్కరూ చీటీ చూడకుండా ఆ మాట చెప్పి, దాంతో సొంత వాక్యం ఒకటి కట్టాలి. అప్పుడు చీటీ దిగి చెప్పుల పెట్టెలో పడుతుంది. ఒక్కరు మరిచిపోయినా మళ్ళీ ఎక్కుతుంది. బడి తెరిచినప్పుడు కాగితాల పుట్టలా ఉండే గది ఏడాది చివరికి బోసిపోతుంది. అక్కకు అదే పండిన చేను.

ఇంట్లోనూ ఇదే వరస. ఒకప్పుడు మా ఇంట్లో చీటీ లేని చోటు దొరక్క ఈగలు పక్కింటికి పోయి వాలేవి. ఓ మధ్యాహ్నం నేను బోర్లా పడుకుని ఉంటే నా వీపుకూ ఒకటి అంటించింది. తెలియక బజారంతా తిరిగొచ్చాను. దాని మీద ‘లేజీ’ అని ఉంది. చదివినవాళ్ళలో ఒక్కరూ ఆశ్చర్యపోలేదట.

ఈ ఏడు కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. పరీక్షలు ఇంకా రెండు నెలలున్నాయనగా అక్క గది చూసి ముఖం చిట్లించాడు.

“ఏంటమ్మా ఇది, ఖాళీ చేసిన అద్దె కొంపలా? పక్క సెక్షన్ టీచరమ్మ గోడల నిండా చార్టులు పెట్టింది.”

“మాటలన్నీ పిల్లలకి వచ్చేశాయి సార్. అందుకే తీసేశాం.”

“వచ్చినట్టు అధికారికి కనపడొద్దూ? రేపు తనిఖీ. గోడ మీద ఏమీ లేకపోతే ఆరో తరగతి ఆవిడకిచ్చి, మిమ్మల్ని ఆఫీసు రిజిస్టర్లకి వేస్తాను.”

బడి వదిలాక అక్క నాకూ బావకూ కబురు పెట్టింది. మేం వెళ్ళేసరికి తరగతి గదిలో చీటీల పెట్టెలు ముందేసుకుని, చెంగుతో కళ్ళద్దాలు తుడుస్తూ కూర్చుంది.

“ఆయనకి ఇంకోసారి విడమరిచి చెప్పాల్సింది,” అన్నాడు బావ.

“ఇరవై రెండేళ్ళుగా వచ్చిన ప్రతివాడికీ చెబుతూనే ఉన్నానండీ. ఇక ఓపిక లేదు. జిగురు అందుకోండి.”

ఆ సాయంత్రం నేనొక్కణ్ణే వెయ్యి చీటీలు అంటించాను. అక్క నలభై అంటుంది. పెద్ద లెక్కలు తనకు మొదటినుంచీ రావు.

మర్నాడు ఊడినవి మళ్ళీ అతికించడానికి నేనూ వెళ్ళాను. పిల్లలు గుమ్మంలోనే ఆగిపోయారు. ముందు బెంచీ అమ్మాయి గది అంతా కలయజూసింది.

“ఎవరు మర్చిపోయారు టీచర్?”

వెనక ఒకడు మెల్లిగా అన్నాడు: “అన్నీ మర్చిపోయామా?”

ఆ అమ్మాయి సంచీ కింద పెట్టి తలుపు దగ్గరకు నడిచింది. చీటీ వంక చూడకుండా ‘లాచ్’ అంది. తమ ఇంటి గడియ ఊడితే నాన్న తాడు కట్టాడని ఇంగ్లీషులో చెప్పి, చీటీ పీకి పెట్టెలో వేసింది. ఆమె వెనక వరస కట్టారు. పగులు చీటీ కోసం ఇద్దరు పోట్లాడుకున్నారు.

“అక్కా, ఆపు. అధికారి వచ్చే వేళైంది,” అన్నాను చెవిలో.

“ఏమని ఆపమంటావురా? మర్చిపోయారని చెప్పనా?”

కుర్చీలో వెనక్కి వాలి, ఒక్కొక్కరి వాక్యం వింటూ కూర్చుంది. అధికారి వచ్చేసరికి గోడల మీద జిగురు మరకలే మిగిలాయి. ఆయన వాటినే చూశాడు, వాటినే రాసుకున్నాడు, వెళ్ళిపోయాడు. ఆరో తరగతి పక్క సెక్షన్ టీచరమ్మకు పోయింది; సోమవారం నుంచి అక్క రిజిస్టర్ల గదిలో గీతలు గీసింది. ఇంటికొస్తే మంచమెక్కేది. నేనెన్ని కోతలు కోసినా “ఊఁ” అనేది.

మూడో వారం హెడ్మాస్టరే ఆ గదిలోకి వచ్చాడట.

“మీ పిల్లలు ఆ టీచరమ్మ చార్టులు ఉండనివ్వడం లేదమ్మా. పొద్దున పెడితే సాయంత్రానికి దించేస్తున్నారు. అడిగితే, వచ్చేసింది సార్ అంటారు. ఆ అలవాటు మీరే మాన్పించాలి.”

“నేర్పడమే తెలుసు సార్. మాన్పించడం ఎలాగో నాకు రాదు.”

“ఆవిడేమో, నా చార్టులు నాకిచ్చి, ఆ క్లాసు వాళ్ళ టీచరుకే ఇచ్చేయండి అంటోంది.” ఆయన గుమ్మం వైపు తిరిగాడు. “రేపటినుంచి వెళ్ళండి. నేనిక గోడల వంక చూడను.”

ఇదంతా అక్క చెప్పులైనా విప్పకుండా మంచం మీద వాలి చెప్పింది.

“మరి సంతోషమేగా?” అన్నాను.

“సంతోషమేరా. కాళ్ళే లాగుతున్నాయి. పాతవన్నీ వచ్చేశాయి వాళ్ళకి. కొత్తవి రాయాలి. ఆ కత్తెర ఇలా తే.”

“నాకు నడుం పట్టేసింది అక్కా.”

“ఏదీ, ఇటు తిరుగు చూద్దాం,” అంటూ దిండు కింద జిగురు డబ్బా కోసం తడిమింది.

కత్తెర తెచ్చి ఇచ్చాను.